‘ఖండాంతర’ తత్త్వశాస్త్రం: స్థలం, భాష, ప్రపంచీకరణ

ఉపోద్ఘాతం

ఇంగ్లీషులో ‘కాంటినెంటల్ ఫిలాసఫీ’ అని వ్యవహరించే చింతనా సంప్రదాయానికి తెలుగులో ఇంకా ఒక పేరు కుదురుకోలేదు. ‘ఖండ తత్త్వశాస్త్రం’ అంటే ఖండమనే మాటకున్న ‘ముక్క’ అనే అర్థం అడ్డు తగులుతుంది. ‘ఐరోపా తత్త్వశాస్త్రం’ అంటే బ్రిటన్ కూడా అందులో చేరిపోతుంది. అసలు ఆ పేరు పుట్టిందే బ్రిటన్‌ను పక్కన పెట్టడానికి. ‘ఖండాంతర’ అంటే ఖండాలను దాటి వెళ్ళేది. క్షిపణులకు వాడుకలో ఉన్న విశేషణం అది. అనువాదంగా చూస్తే ఈ మాట తప్పు. అయినా రెండో ప్రపంచయుద్ధం తరువాత ఈ సంప్రదాయం ప్రయాణించిన తీరును గమనిస్తే, సరైన అనువాదాల కంటే ఈ తప్పు మాటే దానికి బాగా నప్పుతుందనిపిస్తుంది.

ఒక తాత్త్విక సంప్రదాయానికి భౌగోళికమైన పేరు ఉండటం విశేషమేమీ కాదు. విశేషం ఏమిటంటే, ఆ పేరును పెట్టింది అక్కడివారు కాదు. జాన్ స్టూవర్ట్ మిల్ 1838లో బెంతామ్‌పైన, 1840లో కోల్‌రిడ్జ్‌పైన రాసిన వ్యాసాలలో ఆంగ్ల అనుభవవాదానికి భిన్నమైన ఆలోచనను సూచించడానికి ‘ఖండం’ అనే సరిహద్దును వాడుకున్నాడు. అంటే ఇంగ్లీష్ ఛానల్‌కు ఇవతల నిలబడి అవతలి ఒడ్డుకు పెట్టిన పేరు ఇది. పారిస్‌లోనో ఫ్రైబుర్గ్‌లోనో పాఠం చెబుతున్న ఆచార్యుడు తాను ‘కాంటినెంటల్’ తత్త్వం చెబుతున్నానని అనుకోలేదు. తత్త్వం చెబుతున్నాననే అనుకున్నాడు. ఈ విభజనలోని అసంబద్ధతను బెర్నార్డ్ విలియమ్స్ ఒక పోలికతో ఎగతాళి చేశాడు. కార్లను ముందు చక్రాల చోదకశక్తి కలవి, జపాన్‌వి అని రెండు రకాలుగా విడగొట్టడం వంటిది ఇది అన్నాడు. ఒకటి పద్ధతిని చెబుతుంది, మరొకటి ప్రదేశాన్ని చెబుతుంది.

ఆ ప్రదేశం కూడా నిజమైన ప్రదేశం కాదు. విశ్లేషణాత్మక తత్త్వానికి పునాది వేసినవారిలో ఫ్రేగె యేనాలో ఉన్నాడు. విట్‌గెన్‌స్టైన్ వియన్నాలో పుట్టాడు. ష్లిక్, కార్నప్, నోయ్‌రాత్‌ల వృత్తం పేరే వియన్నా వృత్తం. భూగోళ పటం ప్రకారం వీరంతా ‘ఖండం’వారే. నాజీయిజం వీరిని చెదరగొట్టింది. కార్నప్ అమెరికా చేరాడు, నోయ్‌రాత్ ఇంగ్లండ్ చేరాడు. వలసపోయిన చోట వారి ఆలోచన ‘ఆంగ్లో-అమెరికన్’ అయింది. కాబట్టి ఈ రెండు సంప్రదాయాల మధ్య గీత వాదోపవాదాల వల్ల ఎంత ఏర్పడిందో, 1930లలోని వీసాలు, ఓడ టిక్కెట్ల వల్ల కూడా అంత ఏర్పడింది. స్థలం ఆలోచనకు నేపథ్యం మాత్రమేనా, లేక ఆలోచన లోపల పనిచేసే అంశమా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

వియన్నా, 1935

ఎడ్మండ్ హుస్సెర్ల్ 1935 మే నెలలో వియన్నాలో ‘ఐరోపా మానవాళి సంక్షోభం – తత్త్వశాస్త్రం’ అనే విషయంపై ప్రసంగించాడు. అప్పటికి ఆయన వయస్సు 76. 1933 ఏప్రిల్‌లో యూదు మూలాలున్న ఉద్యోగులపై వెలువడిన ఉత్తర్వు, క్రైస్తవం స్వీకరించి దశాబ్దాలు గడిచిన ఈ విశ్రాంత ఆచార్యునికి కూడా వర్తించింది. జర్మనీలో బహిరంగంగా మాట్లాడే అవకాశం మూసుకుపోయింది కనుక ఆయన వియన్నాలోనూ ఆ తరువాత ప్రాగ్‌లోనూ మాట్లాడాడు. ఆ ప్రసంగాల నుంచి పెరిగిన ‘సంక్షోభం’ గ్రంథంలోని తొలి భాగాలు 1936లో బెల్‌గ్రేడ్ నుంచి వెలువడే పత్రికలో అచ్చయ్యాయి.

ఇంతగా స్థలం చేత తరమబడిన మనిషి ఆ ప్రసంగంలో ఐరోపా అంటే స్థలం కాదన్నాడు. ఐరోపా అంటే పటం మీద గీతలు కావని, గ్రీకులతో మొదలైన అనంతమైన హేతుబద్ధ అన్వేషణ అనీ, ఒక ఆధ్యాత్మిక రూపమనీ వివరించాడు. ఆ నిర్వచనం ప్రకారం ఇంగ్లండ్ అధినివేశ రాజ్యాలు, అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఐరోపాలోకి వస్తాయి. ఐరోపాలోనే తిరుగాడే జిప్సీలు మాత్రం రారు. ‘సంక్షోభం’ గ్రంథంలో మరో అడుగు ముందుకు వేసి, ఐరోపా మానవాళి ఒక పరమమైన భావాన్ని తనలో మోస్తున్నదా, లేక చైనా, ఇండియాల వలె కేవలం ఒక మానవశాస్త్ర నమూనా మాత్రమేనా అని అడుగుతాడు.

ఈ వాక్యాన్ని చదివే భారతీయ పాఠకునికి కోపం రావడం సహజం. కాని ఆ కోపంతో పుస్తకం మూసేస్తే అసలు విషయం చేజారుతుంది. జాతివాదం రాజ్యమేలుతున్న రోజులలో, రక్తానికీ మట్టికీ అతీతమైన ఐరోపా ఒకటుందని చెప్పడం హుస్సెర్ల్ దృష్టిలో ప్రతిఘటన. సార్వజనీనతను కాపాడే ప్రయత్నం అది. ఆ ప్రయత్నమే జిప్సీలను, భారతీయులను, చైనీయులను గడప బయట నిలబెట్టింది. మంచి ఉద్దేశం లోపల మినహాయింపు ఎలా పనిచేస్తుందో చూపడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఆధునిక తత్త్వంలో దొరకడం కష్టం. హుస్సెర్ల్ పొరపాటు ఐరోపాను ఎక్కువ చేసి చెప్పడంలో లేదు. స్థలాన్ని జయించినవాడే సార్వజనీనుడని, స్థలానికి కట్టుబడినవాడు నమూనా మాత్రమేనని విడదీయడంలో ఉంది.

ఆయన 1938లో మరణించాక జరిగిన కథ ఈ సిద్ధాంతానికి ఒక వ్యాఖ్యానం లాంటిది. సంక్షిప్త లిపిలో రాసిన దాదాపు 40,000 పుటల రాతప్రతులను వాన్ బ్రెడా అనే బెల్జియం ఫ్రాన్సిస్కన్ సన్యాసి లువెన్ నగరానికి తరలించాడు. మెర్లో-పాంటీ 1939లో అక్కడికి వెళ్ళి చదివాడు. ఆ ప్రతులు జర్మనీలోనే ఉండిపోతే ఫ్రాన్స్‌లో ఫినామినాలజీ ఇదే రూపం తీసుకొని ఉండేది కాదు. సార్వజనీనమైన భావం సరిహద్దు దాటడానికి కూడా రైలు, పెట్టె, ఒక మనిషి తెగువ కావలసివచ్చాయి.

ట్రాన్ డుక్ థావో: దిగంతం ఎవరిది?

లువెన్ ప్రతులను చదివిన తొలి తరంలో మరొక పేరు తరచూ అధోజ్ఞాపికలకే పరిమితమవుతుంది. ట్రాన్ డుక్ థావో 1917లో వియత్నాంలో పుట్టి, 1936లో పారిస్ చేరి, ఎకోల్ నార్మాల్‌లో చదివాడు. ఆయన ‘ఫినామినాలజీ – గతితార్కిక భౌతికవాదం’ 1951లో వెలువడింది. యువకుడైన దెరిదా హుస్సెర్ల్‌పై చేసిన తొలి పరిశోధన మీద ఆ గ్రంథం ముద్ర ఉంది. ఇంత ప్రభావం ఉన్న రచయితను ‘ఫ్రెంచి తత్త్వం’ చరిత్రలలో వెతికితే దొరికేది ఒకటి రెండు వాక్యాలే.

1946 ఫిబ్రవరిలో ‘లె తాన్ మొదెర్న్’ పత్రికలో ఇండోచైనా గురించి థావో రాసిన వ్యాసం ఈ చర్చకు మరింత ముఖ్యమైనది. వియత్నాం స్వాతంత్ర్యాన్ని సమర్థించినందుకు ఫ్రాన్స్‌లో జైలుకు వెళ్ళివచ్చిన తరువాత అచ్చయిన వ్యాసమిది. హుస్సెర్ల్ పరిభాషలో ‘దిగంతం’ ఒక కీలక పదం. ఏ వస్తువూ ఒంటరిగా కనిపించదు, అవకాశాల అంచు ఒకటి దాని చుట్టూ ఉంటుంది. థావో ఈ భావనను సాధనంగా తీసుకొని వలసపాలనపై ప్రయోగించాడు. ఫ్రెంచివాడు తాము వేసిన రోడ్లను, కట్టిన ఆసుపత్రులను చూపి కృతజ్ఞత ఆశిస్తాడు. వియత్నాంవాడు అవే రోడ్లను స్వతంత్రమైన దేశం తనకు తానుగా ఏమి చేసుకోగలిగేదో ఆ అవకాశంతో పోల్చి చూస్తాడు. వస్తువు ఒకటే, దిగంతాలు రెండు. వాదనలో ఒకరికొకరు అర్థం కాకపోవడానికి కారణం తర్కలోపం కాదు. ఇద్దరూ నిలబడిన చోటు వేరు కావడం.

ఇక్కడ జరిగినదాన్ని జాగ్రత్తగా గమనించాలి. వలస దేశం సిద్ధాంతానికి ఉదాహరణను సమకూర్చడం కాదు ఇది. అక్కడి అనుభవం సిద్ధాంతాన్నే మార్చింది. హుస్సెర్ల్‌లో దిగంతం అనే భావం ఏ చైతన్యానికైనా ఒకే విధంగా వర్తించేది. థావో చేతిలో అది చరిత్రతో, అధికారంతో చీలిపోయింది. వియన్నా ప్రసంగం గడప బయట ఉంచిన ప్రాంతం నుంచి వచ్చిన మనిషి, హుస్సెర్ల్ పనిముట్టుతోనే హుస్సెర్ల్‌కు కనిపించనిదాన్ని చూపించాడు. 1951లో స్వదేశం తిరిగివెళ్ళిన థావోకు అక్కడా నిలకడ దక్కలేదు. భావ స్వేచ్ఛను కోరిన రచయితల పక్షాన మాట్లాడినందుకు హనోయ్‌లో విశ్వవిద్యాలయ పదవిని కోల్పోయాడు. 1993లో పారిస్‌లో మరణించాడు.

గుడిసె, గుడిసెకు వచ్చిన అతిథి

హైడెగ్గర్ విషయంలో స్థలం దాగి ఉండదు, ప్రదర్శనకే వస్తుంది. నల్ల అడవిలోని టోట్‌నౌబర్గ్ వాలు మీద 1922లో కట్టించుకున్న చిన్న గుడిసె ఆయన తత్త్వానికి చిరునామాగా మారింది. బెర్లిన్ విశ్వవిద్యాలయ ఆహ్వానాన్ని రెండోసారి నిరాకరించాక 1934లో చేసిన రేడియో ప్రసంగంలో, తన పని ఆ కొండల నుంచి, ఆ రైతుల పని నుంచి వేరు కాదని చెప్పుకున్నాడు. వృద్ధుడైన రైతు మాట లేకుండా తల అడ్డంగా ఊపి తనకు సలహా ఇచ్చాడన్నాడు. నాజీ పార్టీ సభ్యుడైన రెక్టరు 1934లో మట్టిని కీర్తించడంలోని రాజకీయం ఈనాటి పాఠకునికి వివరించనవసరం లేదు. హుస్సెర్ల్ ఐరోపాను స్థలం నుంచి విడదీసి మినహాయింపులు చేస్తే, హైడెగ్గర్ ఆలోచనను స్థలానికి, భాషకు బిగించి మినహాయింపులు చేశాడు. గ్రీకు, జర్మన్ భాషలకు తత్త్వంతో ప్రత్యేక బంధుత్వం ఉందన్న నమ్మకాన్ని 1966లో ఇచ్చి, మరణానంతరం 1976లో వెలువడిన ‘ష్పీగెల్’ ఇంటర్వ్యూలో కూడా వదులుకోలేదు.

అదే హైడెగ్గర్ తూర్పు నుంచి వచ్చినవారితో మాట్లాడాలనీ అనుకున్నాడు. 1954లో జర్మన్ సాహిత్య ఆచార్యుడు తెజుకా తొమియో ఆయనను కలిశాడు. ఆ కలయికను ఆధారం చేసుకొని హైడెగ్గర్ రాసిన ‘భాషపై ఒక సంభాషణ’ 1959లో పుస్తకంలో చేరింది. భూమీ మనిషీ పూర్తిగా ఐరోపీకరణ చెందుతున్నారన్న ప్రసిద్ధమైన మాట అందులోనిదే. సంభాషణ చివరికి జపనీయుడు కూడా హైడెగ్గర్ భాషలోనే మాట్లాడుతుంటాడు. తెజుకా తన భేటీ గురించి విడిగా రాసిన కథనం దీనికి చాలా భిన్నంగా ఉంటుంది. ఐరోపీకరణను గూర్చి విచారిస్తున్న రచనే ఆ పనిని చిన్న ఎత్తున తానే చేసింది.

ఈ మాటను భారతదేశంలో అత్యంత గంభీరంగా స్వీకరించినవాడు జారవ లాల్ మెహతా. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆయన హైడెగ్గర్‌పై రాసిన బృహద్గ్రంథాన్ని ఆ విశ్వవిద్యాలయమే 1967లో ప్రచురించింది. ఐరోపీకరణను తిరస్కరించి ప్రాచీన శుద్ధతలోకి వెళ్ళే దారి తూర్పువారికి లేదనీ, దాని గుండా నడిచి అవతలికి చేరడమే మిగిలిందనీ మెహతా భావించాడు. ఈ నిర్ణయంలో కొంత ఓటమి ఉంది, అంతకంటే ఎక్కువ నిజాయితీ ఉంది. వేదాంతంలో అన్నీ ముందే ఉన్నాయనే సులభమైన తృప్తిని ఆయన పాఠకునికి ఇవ్వడు. అయితే మెహతా ‘భారతీయ సంప్రదాయం’ అన్నప్పుడు కనిపించేది ప్రధానంగా సంస్కృత సంప్రదాయమే. దేశభాషలలోని ఆలోచనకు ఆ సంభాషణలో పీట వేయలేదు. ఐరోపాకు ఎదురుగా ‘ఇండియా’ను నిలిపినప్పుడల్లా ఇండియా లోపలి భూగోళం చదునైపోతుంది.

బాల్టిమోర్ మీదుగా

ఈనాడు ‘కాంటినెంటల్ థియరీ’ అనే పేరుతో విశ్వవిద్యాలయాలలో చెలామణి అవుతున్నదానికి పుట్టిన ఊరు ఒకటి చెప్పవలసివస్తే పారిస్ కంటే బాల్టిమోర్ పేరు చెప్పడమే సముచితం. 1966 అక్టోబరులో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో, ఫోర్డ్ ఫౌండేషన్ ధనసహాయంతో జరిగిన సదస్సుకు బార్త్, లకాన్, హిప్పొలిత్, దెరిదా వచ్చారు. నిర్మాణవాదాన్ని అమెరికాకు పరిచయం చేయడం సదస్సు లక్ష్యం. దెరిదా తన పత్రంలో దానిని పరిచయం దశలోనే విమర్శించాడు. తరువాత ‘పోస్ట్ స్ట్రక్చరలిజం’ అనే పేరు స్థిరపడింది కూడా అమెరికాలోనే. ఫ్రాన్స్‌లో పరస్పరం విభేదించుకున్న ఫూకో, దెరిదా, డెల్యూజ్, లకాన్‌లు అట్లాంటిక్ దాటేసరికి ఒకే అలమరలోని పుస్తకాలయ్యారు. తత్త్వశాస్త్ర శాఖలు వారిని చాలావరకు దూరంగా ఉంచాయి. ఇంగ్లీషు, తులనాత్మక సాహిత్య శాఖలు అక్కున చేర్చుకున్నాయి. ఈ శాఖామార్పు చిన్న విషయం కాదు. జ్ఞానం ఎలా సాధ్యమన్న ప్రశ్న, పాఠాన్ని ఎలా చదవాలన్న ప్రశ్నగా మారింది. తెలుగు విమర్శకు అందింది ఈ రెండో రూపమే.

ఇక్కడ కీలకమైన వ్యక్తి గాయత్రీ చక్రవర్తి స్పివక్. కలకత్తాలో పుట్టి, అమెరికాలో బోధిస్తూ, 1976లో దెరిదా ‘ఆఫ్ గ్రామటాలజీ’ని సుదీర్ఘమైన పీఠికతో ఇంగ్లీషులోకి తెచ్చింది. ప్రపంచంలో ఎక్కువమంది దెరిదాను చదివింది ఆమె వాక్యాలలోనే. మరోవైపు దెరిదా కూడా ‘ఖండం’వాడు కాదు. 1930లో అల్జీర్స్ శివారులో యూదు కుటుంబంలో పుట్టాడు. విషీ ప్రభుత్వం 1940లో అల్జీరియా యూదుల ఫ్రెంచి పౌరసత్వాన్ని రద్దు చేసింది. 1942లో ఆ పిల్లవాడిని బడి నుంచి పంపేశారు. ఫ్రెంచి తప్ప తనకు వేరే భాష లేకపోవడం, ఆ ఫ్రెంచి సొంతమని చెప్పుకోలేకపోవడం – ఈ స్థితిపై ఆలోచనే 1996 నాటి ‘పరుని ఏకభాషిత్వం’. దాని తొలిరూపం లూసియానాలో జరిగిన సదస్సులో చదివిన పత్రం. అల్జీర్స్‌లో పుట్టినవాడు ఫ్రెంచిలో రాసినది, కలకత్తాలో పుట్టిన ఆమె ఇంగ్లీషులో చెప్పగా, బాల్టిమోర్‌లో అచ్చయి హైదరాబాదు చేరింది. ఇందులో ‘ఐరోపా’ ఎక్కడుందని అడిగితే సమాధానం సులువు కాదు.

డెల్యూజ్, గ్వాటరీలు 1991లో ‘తత్త్వశాస్త్రమంటే ఏమిటి?’ అనే గ్రంథంలో ఒక అధ్యాయానికి ‘జియోఫిలాసఫీ’ అని పేరు పెట్టారు. (తెలుగులో ‘భూతత్త్వం’ అందామంటే ఆ మాటను భూగర్భశాస్త్రం ఎప్పుడో తీసేసుకుంది.) ఆలోచన అనేది కర్తకూ విషయానికీ మధ్య జరిగేది కాదనీ, నేలకూ భూమికీ మధ్య జరిగేదనీ వారి ప్రతిపాదన. తత్త్వం గ్రీసులో పుట్టడం విధి కాదు, యాదృచ్ఛికత అన్నారు. ఇది హుస్సెర్ల్, హైడెగ్గర్ల కంటే పెద్ద ముందడుగే. కాని పుట్టుక యాదృచ్ఛికమని ఒప్పుకున్నాక కూడా, ఇతర ప్రాంతాలలో ఉన్నది తత్త్వానికి ముందటి రూపమేనన్న వైఖరి ఆ అధ్యాయంలో కొనసాగుతుంది. భూగోళం గురించి ఇంత రాసినవారు తాము రాస్తున్న చోటు గురించి ఏమీ చెప్పరు. స్పివక్ 1988 నాటి వ్యాసంలో ఫూకో, డెల్యూజ్‌ల 1972 సంభాషణపై చేసిన విమర్శ సరిగ్గా ఇదే: అణచబడినవారు తమకోసం తామే మాట్లాడగలరని చెప్పే మేధావి, అంతర్జాతీయ శ్రమ విభజనలో తానున్న చోటును కనబడకుండా చేసుకుంటున్నాడు.

గ్లోబలీకరణ, ప్రపంచీకరణ

జాఁ-లుక్ నాన్సీ 2002లో ప్రచురించిన గ్రంథం మొత్తం ఒక భాషాభేదం మీద నిలబడింది. ఫ్రెంచిలో ‘గ్లోబలిజాసియోఁ’, ‘మొందియలిజాసియోఁ’ అని రెండు మాటలున్నాయి. మొదటిది గోళం నుంచి, రెండోది లోకం నుంచి వచ్చాయి. మొదటిది ఎటు చూసినా ఒకే రకమైన మొత్తం, సరుకు తిరిగే గుండ్రటి తలం. రెండోది అర్థం పంచుకోవడానికి వీలున్న చోటు, లోకం లోకమయ్యే ప్రక్రియ. మొదటిది రెండోదాన్ని మింగేస్తున్నదని నాన్సీ వాదం. ఇంగ్లీషులో ఒకే మాట ఉండటం వల్ల ఈ తేడా అనువాదంలో నిలవదని కూడా గుర్తుచేస్తాడు.

తెలుగులో ఈ రెండు మాటలూ ఉన్నాయి. ‘గ్లోబలీకరణ’, ‘ప్రపంచీకరణ’ 1991 ఆర్థిక సంస్కరణల తరువాత దాదాపు పర్యాయపదాలుగా వాడుకలోకి వచ్చాయి. ఒక భేదం భాషలో సిద్ధంగా ఉండి కూడా ఆలోచనలోకి రాకపోవడానికి ఇది ఉదాహరణ. పైగా ‘ప్రపంచం’ అనే మాటకు ఫ్రెంచి ‘మోంద్’కు లేని చరిత్ర ఉంది. విస్తరించినది, పరచుకున్నది అని దాని అర్థం. అద్వైతంలో ప్రపంచం ఉపశమించవలసినది, చేయవలసినది కాదు. ‘ప్రపంచీకరణ’ అనే మాటను ఆ దృష్టితో చదివితే మార్కెట్టు విస్తరణ అన్న అర్థం అచ్చంగా సరిపోతుంది, నాన్సీ ఆశించిన అర్థం మాత్రం తలకిందులవుతుంది. లోకం అనే మాట ఎంచుకొని ఉంటే చర్చ వేరుగా సాగేది. ‘లోకం’లో చూపుకూ జనానికీ కూడా చోటుంది. నాన్సీని తెలుగులో వివరించేవారు ‘గ్లోబలైజేషన్’ను ఇంగ్లీషు నుంచి దించుకుంటే, ఆయన వాదం మొత్తం అనువాదంలో మాయమవుతుంది.

‘అస్తిత్వం’ అనే తెలుగు మాట

తెలుగు సాహిత్య విమర్శలో ‘అస్తిత్వవాదం’ మొదట సార్త్ర్, కామూల చింతనకు పేరు. ‘అంపశయ్య’ (1969) వంటి నవలల చర్చలో వినిపించేది ఈ అర్థమే. 1980ల తరువాత ఇదే మాట మరో పని చేపట్టింది. ‘నీలిమేఘాలు’ (1993), ‘చిక్కనవుతున్న పాట’ (1995), ‘జల్‌జలా’ (1998) వంటి సంకలనాల వెంట వచ్చిన స్త్రీ, దళిత, ముస్లిం వాదాలను, ఆ తరువాత ప్రాంతీయ చైతన్యాన్ని కలిపి ‘అస్తిత్వ ఉద్యమాలు’ అన్నారు. ఇంగ్లీషులో ‘ఎగ్జిస్టెన్స్’, ‘ఐడెంటిటీ’ అనే రెండు వేరు మాటలు చేసే పనిని తెలుగులో ఒక్క ‘అస్తిత్వం’ చేస్తున్నది.

సిద్ధాంత రీత్యా ఈ రెండూ ఎదురెదురు. సార్త్ర్ ప్రకారం మనిషికి ముందే నిర్ణయమైన సారం ఏదీ లేదు. మనిషి ముందు ఉంటాడు, తరువాత తనను తాను చేసుకుంటాడు. అస్తిత్వ ఉద్యమం బయలుదేరేది పుట్టుకతో మీద పడిన గుర్తు నుంచి. అందువల్ల పరిశోధన గ్రంథాలలో మొదటి అధ్యాయంలో సార్త్ర్ నిర్వచనం ఇచ్చి, మూడో అధ్యాయంలో దళిత కథను పరిశీలిస్తే రెండింటి మధ్య అతుకు పడదు. దీనిని పరిభాషా దోషంగా తీసుకొని, ఒకదానికి ‘అస్తిత్వం’, మరొకదానికి ‘గుర్తింపు’ అని విడగొట్టాలని సూచించవచ్చు. స్పష్టతకు అది మేలే. కాని దానివల్ల పోయేది కూడా ఉంది.

ఫ్రాంజ్ ఫానన్ 1952లో ‘నల్ల చర్మం, తెల్ల ముసుగులు’ గ్రంథంలో సార్త్ర్‌తో తలపడింది ఈ అతుకు దగ్గరే. నల్లజాతి కవుల సంకలనానికి 1948లో రాసిన పీఠికలో సార్త్ర్ నెగ్రిట్యూడ్‌ను శ్లాఘిస్తూనే, అది గతితర్కంలో దాటిపోవలసిన మధ్యంతర దశ అన్నాడు. తన అనుభవాన్ని మరొకరి వాదనలో మెట్టుగా మార్చారని ఫానన్ బాధతో, కోపంతో రాశాడు. మార్టినిక్‌లో పుట్టిన మనిషికి పారిస్ వీధిలో ‘ఉండటం’ వేరు, ‘నల్లవాడిగా ఉండటం’ వేరు కాదు. చూసేవాడి చూపు ఆ రెండింటినీ ముందే ఒకటి చేసేసింది. ఉనికి గురించిన ప్రశ్న ఆయనకు గుర్తును దాటాక మొదలయ్యేది కాదు.

కారంచేడు (1985), చుండూరు (1991) తరువాత తెలుగు కవులు ‘అస్తిత్వం’ అన్నప్పుడు ఆ మాటలో ఫానన్ చూపిన ముడి ఉంది. వారంతా ఫానన్‌ను చదివి ఆ మాటను ఎంచుకున్నారని చెప్పనక్కరలేదు. కులం గుర్తు మోసే మనిషికి ఊళ్ళో ‘ఉండటం’ అనేదే వాడలో ఉండటంగా, చెరువుకు ఇంత దూరంలో ఉండటంగా ముందే కొలిచి పెట్టి ఉన్నచోట, ‘ఉనికి’, ‘గుర్తింపు’ అనే విభజన ఎవరికి అందుబాటులో ఉంటుందన్నది అడగవలసిన ప్రశ్న. పారిస్ కాఫీ హోటల్‌లో వడ్డించే మనిషి వడ్డించేవాడి పాత్రను అభినయిస్తున్నాడన్న సార్త్ర్ ప్రసిద్ధమైన ఉదాహరణ, రెండు గ్లాసుల పద్ధతి ఉన్న టీ దుకాణంలో పనిచేయదు. అక్కడ గ్లాసు అందుకునే మనిషి అభినయించడానికి పాత్ర లేదు, ఇచ్చిన చోటే ఉంది. సార్త్ర్ ‘స్వేచ్ఛ’ అన్నదానికీ ఆ గ్లాసుకూ మధ్య వాదం తెలుగులో ఇంకా రాయవలసి ఉంది. దానికి కావలసిన పదం మాత్రం ముప్పై ఏళ్ళుగా వాడుకలోనే ఉంది.